మెత్తటి పాళీ

గద్వాల బజారులోని పెన్నుల దుకాణంలో ఆమె పాళీలు ఒక్కొక్కటే గీసి చూసి పక్కన పెడుతోంది.

“ఇది గూడ గీరుకుంటున్నదన్నా. మెత్తటి పెన్సిల్ లెక్క నడవాలె.”

“మరి పెన్సిలే కొనరాదక్కా?”

“మా ఆయన నేసే చీర అంచు నమూనా కాయిదం మీద పెన్సిల్‌తోనే గీసిండు. చెరిగిపోతున్నది. సిరాతోని దిద్దాలె. పాళీ గట్టిగుంటె కాయిదం చినుగుతది.”

“ఆయన్నే రమ్మను. చేతికి తగ్గది ఇస్త.”

“పోయిన నెల కాలం జేసిండు.”

దుకాణదారు తను రాసే పెన్నులోంచి పాళీ ఊడదీసి, కడిగి ఇచ్చాడు.

“అరిగి మెత్తబడ్డది. చూడు.”

ఆమె గీసింది. చప్పుడు రాలేదు.

“ఇది చాలు.”

“జర పైలం అక్కా. సిరాతోని తప్పు పడితే చెరగదు.”

“తప్పు ఆయనే చేసిండు. అంచుల హంసలన్నీ ముందుకే చూడాలె. దవాఖానకు పోయే పొద్దు గీసిన హంస ఒక్కటి వెనక్కి చూస్తున్నది.”

“దాన్ని సరిజేస్తవా?”

“లేదు. గట్లనే దిద్దుత.”