శాలువా కింద దొరికిన సీసా

నా పేరు మీరు పైన రాసుకున్నారు. వయసు నలభై మూడు. కంటి ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌ని. అక్కడ అందరూ నన్ను ఇంక్యుబేటరక్క అంటారు. ఇంతవరకు పోలీస్ స్టేషన్ గడప తొక్కినదాన్ని కాదు. కూర్చునే చెబుతాను.

మా పని ఇది. కన్ను కాలినవాళ్లకు బాగున్న కంటి అంచు నుంచి ఆవగింజంత ముక్క తీస్తారు. అందులో మూలకణాలు ఉంటాయి. వాటిని సీసాలో వేసి, ఇంక్యుబేటరు అనే పెట్టెలో ఒంటి వేడిలోనే ఉంచి పెంచితే పలచని పొర అవుతుంది. దాన్ని కాలిన కంటికి కుడతారు.

ఆ పొర పెంచే పద్ధతి మీద ఒక కంపెనీకి పేటెంటు ఉంది. అనుమతి లేకుండా వాడుతున్నామని కోర్టుకు వెళ్లింది. ఈరోజు ఉదయం కోర్టు అమీను, కంపెనీ లాయరు ల్యాబుకు సీలు వేయడానికి వచ్చారు. "ఏళ్లకేళ్లు డబ్బు పోశాం. అందరూ ఊరికే వాడుకుంటే రేపు కొత్త వైద్యం ఎవరు కనిపెడతారమ్మా?" అన్నాడు లాయరు. అది అబద్ధం కాదు. "ప్రభుత్వ డబ్బుతో మొదలైన పద్ధతి ఇది, బీదాబిక్కీకి ఉచితంగా చేస్తున్నాం" అన్నారు మా పెద్ద డాక్టరు గారు. అదీ అబద్ధం కాదు.

సీలు వేసే ముందు అమీను లైట్లు, ఫ్యాన్లు ఆపి మెయిన్ స్విచ్ కూడా దించేశాడు. మంటలు రాకుండా ఎక్కడైనా అలాగే చేస్తాడట. ఇంక్యుబేటరు చప్పుడు ఆగిపోయింది. "సార్, లోపల ఒక సీసా ఉంది, అది చల్లబడకూడదు" అన్నాను. "ఎక్కడివక్కడే ఉండాలమ్మా. నా ఉద్యోగం ఊడుతుంది" అన్నాడు.

ఆ సీసా బ్యాటరీల షాపులో పనిచేసే తమ్ముడిది. సొంత తమ్ముడు కాదు, నన్ను అక్కా అంటాడు. బ్యాటరీ పేలి యాసిడ్ రెండు కళ్లలోనూ పడింది. ఒకటి పూర్తిగా పోయింది. రెండోదాని అంచున మిగిలిన కాస్త మంచి భాగం తీసి ఆ పొర పెంచాం. మళ్లీ తీద్దామంటే ఇంకేం లేదు. రేపు ఆ కంటికే కుట్టాలి.

వాళ్లు గుమ్మం దగ్గర లక్క కరిగిస్తుంటే సీసా తీసి పొట్టకు ఆనించుకుని శాలువా చుట్టుకున్నాను. ఎవరూ తీయమనలేదు. పెద్ద డాక్టరు గారికి తెలియదు. ఎవరూ తీయమనలేదు, ఇది తప్పకుండా రాయండి.

గేటు దగ్గర వాచ్‌మన్ నా పొట్ట చూసి, "ఏంటక్కా, ఎన్నో నెల?" అని నవ్వాడు. కారెక్కబోతున్న లాయరు వెనక్కి తిరిగి చూశాడు. అంతే, దొరికిపోయాను.

ఇక్కడికి తెచ్చాక హెడ్ కానిస్టేబుల్ గారు పాడవకుండా ఉంటుందని సీసాను ఫ్రిజ్‌లో పెట్టేశారు. పాపం, మంచికే పెట్టారు. నేను ఏడ్చి మొత్తుకుంటే తీసి ఇచ్చారు. ముట్టుకుంటే చల్లగా తగిలింది. అప్పటినుంచీ చంకలోనే పెట్టుకున్నాను. కేసు తేలేదాకా మీ దగ్గర భద్రంగా ఉంటుందని మీరంటున్నారు. బీరువాలో భద్రంగా ఉంటే అది చచ్చిపోతుంది సార్. నాకు జైలంటే భయమే, కానీ ఇది చచ్చిపోతుందన్న భయం కంటే ఎక్కువ కాదు.

ఇందాక ఆ తమ్ముణ్ని వాళ్ల వదిన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "అక్కా, నాది బతికే ఉందా?" అని అడిగాడు. మీరూ విన్నారు. బతికే ఉంది నాయనా అన్నాను.

రాసింది నాకు చదివి వినిపించారు. అంతా నేను చెప్పిందే, ఎవరి బలవంతమూ లేదు. అంతా నిజమే. అతనికి చెప్పిన ఆ ఒక్క మాట మాత్రం నిజమో కాదో నాకు తెలియదు.

(సంతకం)
ల్యాబు టెక్నీషియన్