దాలమ్మ సంతకం

"జీడిమావిడి పండు జారిపడ్డాదీ, ఎవరొళ్ళో పడితేను వారిదేనమ్మా..." ఆ తరవాత ఏటో ఉంది. చిన్నప్పుడు తోటలో పిక్కలేరుతూ పాడుకునేవోళ్ళం, మర్చిపోయాను. నాకు పాటలూ సగమే వచ్చు. ఇప్పుడంటే కూడబలుక్కుని నాలుగు ముక్కలు రాస్తున్నాను గానీ, అప్పట్లో రాతా సగమే వచ్చు. ఆ సగం రాతతో పిల్లని పోగొట్టుకోబోయాను, వినండి.

నీలవేణి అని, మా షెడ్డులో నా పక్కపీట మీద కూచుని జీడిపిక్కలు కొట్టేది. నాకు చుట్టం కాదు, పక్కం కాదు. దానికి రెండేళ్ళ గుంట, సుగుణ. ఏమైందంటే, నీలవేణి జ్వరమొచ్చి పోయింది. మొగుడు లోకనాథం, పని చూసుకుని నెలలో వస్తాను, అందాకా గుంటని చూడత్తా అని చెప్పి అండమాను ఓడెక్కాడు. నెలా, ఏడేళ్ళూ ఒకటే అనుకోండి వాడికి. ఉత్తరం ముక్క లేదు. గుంట నన్ను మామ్మా అనడం నేర్చింది, బడికెళ్ళింది, నాకంటే తెలివైందయింది. మరి నా వేళ్ళ సంగతి చెప్పాలి. పిక్కల జిడ్డుకి తోలు కాలి గీతలన్నీ అరిగిపోయాయి. ఎక్కడ వేలిముద్ర వేసినా నల్లమచ్చే పడుతుంది. రేషను కొట్టువాడైతే నువ్వసలు మనిషివేనా అన్నాడు. అప్పుడు సుగుణ పలక తెచ్చి నాకు పేరు రాయడం నేర్పింది. దాలమ్మ. అంతే, ఇంకో అక్షరం రాదు. ఆ మూడూ వచ్చాక నాకు ఒళ్ళు తెలిస్తే కదా. బియ్యం డబ్బా మీద రాశాను, తలుపు మీద రాశాను, పక్కింటోళ్ళ తెల్లమేక వీపు మీద బొగ్గుతో రాశాను. వాళ్ళు ఇప్పటికీ దెప్పుతారు.

ఇదిగో అలాంటప్పుడు దిగాడు లోకనాథం, కొత్త పెళ్ళాంతోటీ ఒక కాగితంతోటీ. గుంట బడికి పోయింది. అత్తా, నీకు సంతకం వచ్చంట కదా, ఊరంతా చెప్పుకుంటన్నారు, ఇది సుగుణ బడి కాగితం, ఒకటి పెట్టు అన్నాడు. ఊరంతా అనేసరికి పొంగిపోయాను. ఒకటి అడిగితే అందం కోసం రెండు పెట్టాను. వేలిముద్ర రోజుల్లో అయితే పదిమందికి చూపించి గానీ వేసేదాన్ని కాదు. మర్నాడు గుంటని తీసుకుపోతానన్నాడు. గుంట తలుపు గడియ పట్టుకుని వదల్లేదు. షెడ్డులో ఆడోళ్ళమంతా కలిసి ప్లీడరు దగ్గరికి పరిగెట్టాం, కోర్టు కేసైంది. అక్కడ తీశాడు లోకనాథం ఆ కాగితం. ఏటుందంటే, నా ఇష్టంతోనే పిల్లని తండ్రికి అప్పగిస్తున్నానని ఉందంట.

జడ్జి ఆడమనిషి. దాలమ్మా, ఇది చదువు అంది. నేను కళ్ళు చికిలించి తలా తోకా చూసి, "కింద నా పేరుందమ్మా, రెండోది బాగా కుదిరింది" అన్నాను. కోర్టంతా నవ్వింది, మా ప్లీడరు తల పట్టుకున్నాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. కాగితం పక్కన పెట్టి, గుంటని ఒక్కదాన్నే తన గదిలోకి తీసుకెళ్ళింది. ఏం మాట్లాడుకున్నారో నా గుంట ఇప్పటికీ చెప్పదు. బయటికొచ్చి, తండ్రి తండ్రే, ఆ హక్కు కొట్టేసేది కాదు అంది. కానీ హక్కు కంటే పిల్ల బాగు పెద్దదంట. ఏడేళ్ళు చూడని తండ్రి దగ్గర కంటే పెరిగిన చోటే పిల్లకి మంచిదని, పద్దెనిమిదేళ్ళు నిండేదాకా నా దగ్గరే ఉండాలంది. లోకనాథం చూడ్డానికొస్తే అడ్డు చెప్పకూడదంది. వాడు ఆ మూల ముఖం తుడుచుకుంటుంటే నాకూ జాలేసింది, నా తెలివి అంతే కదా మరి.

తీర్పు కాగితం ముట్టినట్టు సంతకం పెట్టమన్నాడు గుమస్తా. ఈసారి పెడతానా? చదివితే గానీ పెట్టనన్నాను. సుగుణ చదివింది. మధ్యలో ఒకచోట, పిల్లకి ఏ చుట్టరికమూ లేని పరాయి మనిషి దాలమ్మ అని ఉంది. ఇన్నేళ్ళు ఎత్తి పెంచినదాన్ని, పరాయిదాన్నని ఒప్పుకుని సంతకం పెట్టాలా అని కలం కింద పెట్టేశాను. చూశారా నా బుద్ధి, మోసపు కాగితానికి రెండు పెట్టినదాన్ని, మంచి కాగితానికి అలిగి కూచున్నాను. గుమస్తా గడియారం చూస్తున్నాడు. అప్పుడు గుంట ఆ కలం తీసి, కాలిన నా వేళ్ళ మధ్య పెట్టి అంది గదా:

"పరాయిదానివైతేనేటి, పెట్టు మామ్మా. ఆకలేస్తంది, ఇంటికి పోదాం."