పన్నెండుకి పన్నెండు

హలో… ఆ, నేనేలే ఆదిత్యా, సూర్యకాంతమ్మని. పొద్దుటి నించి కొడతన్నాను, ఎక్కడ సచ్చేవయ్యా…

ఘాట్‌లో సిగ్నల్ లేదా. ఇప్పుడెక్కడున్నారు… నారాయణపట్న ఇవతలా. మన బడి సూడ్డానికొస్తన్న మేడమ్ ఏటి సేస్తన్నారు… టీ తాగుతున్నారా. నువ్వు జీపు కాడ నించి కాస్త దూరంగా రా. ఆవిడకి వినపడకూడదు… వచ్చేవా…

బళ్ళో కొంప మునిగింది, బాబూ. గుడ్డులో కోడిపిల్ల ఉంది.

…

ఏటి 'కంగ్రాట్సు'? నువ్వు బల్బెట్టి పొదిగిస్తన్న అట్టపెట్టిలో పిల్లల మాట కాదు నేను సెప్పేది. డేగిసాలో. ఉడికిన గుడ్డులో. మధ్యాహ్న భోజనానికి గుంటలకి పెట్టే గుడ్డులో.

…

అవును, నిజంగానే. ముక్కు ఉంది. కంటి మీద పొర ఉంది. తడి ఈకలు పెంకుకి అంటుకుపోయి… ఆ వాసన నీకు ఫోన్లో సెప్పలేను. రెండుసార్లు వాంతి సేసుకున్నాను. నోరు ఎన్నిసార్లు కడిగినా పోట్లేదు.

…

లేదు, తినలేదు. ఎవరూ తినలేదు. కంచాలు ముందరెట్టుకుని వరసగా కూకున్నారు. మన వంటమనిషి కుంతి మొదటి గుడ్డు వొలిచింది, కెవ్వుమని కింద పడేసింది. రెండోది వొలిస్తే అదీ అంతే. కంచాలన్నీ నేనే వెనక్కి తీయించేను. అన్నం, పప్పు కూడా తియ్యించేసేను.

…

తల్లిదండ్రులా. ఎందుకు సూడలేదూ, అందరూ ఇక్కడే ఉన్నారు. వారం వారం గుంటలు నేర్సుకున్నది శనివారం నాడు ఇంట్లోవాళ్ళకి సూపించాలని పద్ధతి పెట్టింది నువ్వే కదా. సింతపిక్కల లెక్కల వారానికి నలుగురు రాలేదు గానీ, కోడిపిల్లలనీసరికి ఊరంతా దిగిపోయింది. ఇప్పుడా ఊరంతా కుంతి మీద పడింది.

అదే… మంచి గుడ్లు అమ్ముకుని మురిగిన గుడ్లు తెచ్చి వండేసిందట. బడి కమిటీ పెసిడెంటు కదా, గోవిందరావు అందరికంటే గట్టిగా అరుస్తన్నాడు. దాని జుట్టు పట్టుకుని వంటింట్లోంచి బయటికి లాగేరు. ఒకావిడ సెప్పు తీసింది. నేను అడ్డం పడకపోతే—

— గోవిందరావు, ఆగవయ్యా. నేను ఫోన్లో మాట్లాడుతున్నాను కదా. ఆ తలుపు ముందర నించి జరుగు. జరగమన్నానా.

ఆ, సెప్పు… నువ్వేటంటావు…

కుంతిని ఇవాళే పనిలోంచి తీసెయ్యాలా.

…

మేడమ్ వచ్చేలోపే. ఊఁ… తప్పు ఒప్పేసుకున్నాదని మేడమ్‌కి సెప్పేస్తే మన మీదకి రాదు. ఊఁ… ఊఁ… బాగానే ఆలోచించేవు.

మరి దాని బతుకో. మొగుడు బాపి రాయగడ మునిసిపాలిటీలో సెత్త బండి తోలుకుంటన్నాడు, ఈ వంటపని లేపోతే ఇల్లు గడవదు. దాని కూతురు రీనా మన రెండో తరగతిలోనే సదువుతున్నాది. పక్క గుంటలప్పుడే 'దొంగగుడ్ల కూతురా' అని పిలుస్తన్నారు. ఏడేళ్ళ గుంటలు. మనం నేర్పిన సదువు.

…

నాకు తెలుసు, గొడవ సల్లారాలి. కానీ ఒక్క మాట సెప్పు. దొంగ అయితే తనే వొలిచి తనే కేక పెడతాదా?

…

సరే, తెలివితక్కువది అనుకుందాం. ఉండు—

— ఏటి కుంతీ. ఏడవకుండా సెప్పు, నాకు అర్థం అవట్లేదు… ఎర్రగుడ్లా. ట్రేలో పైవరసలో ఎర్రగుడ్లు ఉన్నాయా. కొట్టోడు ఈసారి నాటుగుడ్లు కలిపేడని నువ్వనుకున్నావా. మిగతావి తెల్లవేనా… ఎర్రవి వొలవకు. ఇంకొకటి కూడా వొలవకు. పక్కకి తియ్యి.

ఆ, లైన్లోనే ఉన్నాను. ట్రేలో కొన్ని ఎర్రగుడ్లు కలిసేయంట. పాడైనవి అవేనంట.

…

కోడిపిల్లలా. ఉన్నాయి, నీ పెట్టిలో కుయ్యి కుయ్యిమంటన్నాయి. పొద్దున్న నేను తాళం తీసేసరికి పన్నెండుకి పన్నెండూ బయటికొచ్చేసేయి. గుంటలు గంతులే గంతులు. నువ్వు నిన్న సాయంత్రమే కోరాపుట్ వెళిపోయేవు, పాపం సూడలేకపోయేవు అనుకున్నాం. మా అమ్మ జన్మంతా కోళ్ళు పెంచింది, ఏ పెట్టా పన్నెండుకి పన్నెండూ పొదగలేదు. నీ బల్బు పెట్టకంటే గొప్పదయ్యింది మరి.

…

వీడియో. ఇప్పుడు వీడియో ఏటి బాబూ… సరే, మేడమ్ నీ వీడియోలు సూసే బయల్దేరేరు, ఒప్పుకున్నాను. 'ఈ వారం మా క్లాసు' అని నువ్వు పెట్టేవి కోరాపుట్‌లో అందరూ సూస్తన్నారు, అదీ ఒప్పుకున్నాను. అవతల డేగిసాలో పీనుగులు తేలుతుంటే—

— ఏటే అమ్మీ రీనా. ఆ సేతులేటి అలా ఉన్నాయి, పోయి కడుక్కో… ఏటి సూపిస్తన్నావు. గుడ్డా. వేడిగా ఉంటాది, ఇలా ఇయ్యి… ఎక్కడ?

…

— నీదేనా. సరీగా సూడు. ఇది నువ్వు రాసిందేనా?

…

ఆ… లేదు లేదు, ఏటీ లేదు. గుంట ఏదో అడుగుతున్నాది. ఒక్క నిమిషం ఆగు, ఇక్కడ గోలగా ఉంది, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటాను.

…

ఇప్పుడు వినపడుతున్నాదా.

ఆదిత్యా, నువ్వు మూడు వారాల కిందట గుంటలందరి సేతా ఇంటికొక నాటుగుడ్డు తెప్పించేవు కదా. పన్నెండు మంది, పన్నెండు గుడ్లు. ఎవరిది వాళ్ళకి తెలియాలని పెన్సిల్‌తో ఎవరి మొదటి అక్షరం వాళ్ళ సేత రాయించేవు. ఆ రోజు నేనే మెచ్చుకున్నాను, అక్షరాలు నేర్పడానికి ఇదొక కొత్త దారి అని.

…

ఏటీ లేదు, ఊరికే అడిగేను. మేడమ్‌కి సెప్పడానికి పనికొస్తాది కదా.

ఇప్పుడు నన్నేటి సెయ్యమంటావు, ఒక్కొక్కటీ సెప్పు… కుంతిని పంపెయ్యాలి. ఊఁ. డేగిసా ఖాళీ సేయించాలి, గుడ్లన్నీ దూరంగా పారబొయ్యాలి, ఒక్కటీ ఉంచకూడదు. ఊఁ. గుంటల్ని కడిగి, బొట్లు పెట్టి, తలా ఒక కోడిపిల్లని సేతికివ్వాలి. సరే. ఎండలో ఉంచకూడదు… తడి తగలనివ్వకూడదు… ఆ గులాబీ రంగుదాన్ని వెనకాల—

…

ఏటన్నావు?

…

లేదు, మళ్ళీ అను. గులాబీ రంగుది అన్నావు.

…

ఆదిత్యా. నేను రంగు మాటెత్తలేదు.

పొద్దున్న తలుపు తీసినప్పుడు అన్నీ పసుపుగానే ఉన్నాయి. ఇందాక రీనా దానికి నీళ్ళు పట్టబోయి తడిపేస్తే రెక్కకింద రంగు దిగింది. గుంట వేళ్ళన్నీ గులాబీ. సూసింది నేనూ, ఆ గుంటా. నువ్వు నిన్న సాయంత్రం నించి కోరాపుట్‌లో ఉన్నావు. నీకెవరు సెప్పేరు?

…

ఫొటోలో సూసేవా. ఎవరు పంపేరు ఫొటో? ఇక్కడ ఫోను పలకడమే కష్టం, ఫొటో ఎలా వెళ్ళిందిరా?

…



సరే, నేనే సెప్తాను, తప్పయితే ఆపు. రీనా సేతిలో ఉన్న గుడ్డు మీద పెన్సిల్‌తో 'రీ' అని ఉంది. నువ్వు తడిగుడ్డతో తుడిసేవు, సరిగ్గా పోలేదు, నీళ్ళలో ఉడికినా పోలేదు. రీనా గుడ్డు డేగిసాలో ఉంటే, పొద్దున్న రీనాకిచ్చిన కోడిపిల్ల ఎవరిదిరా?

…

సంతలో కొన్నావు. బుట్టలో పోసి గుంటలకి ఆటబొమ్మల్లా అమ్ముతారు సూడు, రంగులేసిన బ్రాయిలరు పిల్లలు, అవి. షాంపూతో కడిగేవు. నిన్న గుంటలు ఇంటికెళ్ళేక పెట్టిలో వదిలేసి బస్సెక్కేవు.

…

మరి గుడ్లు ఎప్పుడు సచ్చిపోయేయి. ఎప్పుడు… గట్టిగా సెప్పు.

…

పోయిన శనివారమా. డాన్సుకి సౌండుబాక్సు పెట్టాలని బల్బు పీకేసేవు. మళ్ళీ పెట్టడం మరిసిపోయేవు. ఆదివారం సెలవు. సోమవారం ముట్టుకుంటే గుడ్లు సల్లగా ఉన్నాయి.

సోమవారం తెలుసునన్నమాట.

…

అయితే ఈ వారమంతా ఏటి సేయించేవురా గుంటల సేత? పెట్టి సుట్టూ కూకోబెట్టి, 'రావే రావే కోడిపిల్లా' అని పాట పాడించేవు. సెవి ఆనించి వినమన్నావు. రీనా వచ్చి, 'గురుమా, నా పిల్ల కదులుతున్నాది' అని నాకు సెప్పింది. సచ్చిన గుడ్లకి పాట పాడించి, దాన్ని వీడియో తీసి, కోరాపుట్ పంపించేవు. ఛీ.

…

మరి పారెయ్యలేకపోయేవా. గొయ్యి తీసి పాతెయ్యలేకపోయేవా. గుంటల కంచంలోకి ఎలా వచ్చేయిరా అవి?

…

పెంకులా? పెట్టిలో పెట్టడానికి పగిలిన పెంకులు కావాలా?

…

ఓరి దేవుడా. అందుకా పెట్టిలో పెంకులు అంత తెల్లగా ఉన్నాయి. నేను పొద్దున్న సూసేను, తట్టలేదు నాకు. బడి ట్రేలోంచి మంచి గుడ్లు పన్నెండు తీసేవు, పగలగొట్టేవు… ఆమ్లెట్ వేసుకున్నావు. తిన్నావు కూడా. ట్రేలో తక్కువైతే నేను అడుగుతానని ఆ కుళ్ళినవి తుడిసి అక్కడ పెట్టేవు.

…

'ఉడికితే ఏమవుతాదిలే' అనుకున్నావా.

…

నువ్వు అన్నమే తింటన్నావా బాబూ?

…

కుంతి పారేస్తాది అనుకుంటే ట్రేలో ఎందుకు పెట్టేవు. గుంటలు తిన్నా నీకు పరవాలేదు, అంతే. ఒకవేళ బయటపడితే వండినదాని మీదకి పోతాది. దాన్ని జుట్టు పట్టుకుని ఈడ్సేరని ఇందాక నేను సెప్పినప్పుడు నువ్వేటన్నావు? 'ఇవాళే తీసెయ్యండి అక్కా' అన్నావు.

…

ఏడుస్తన్నావా. ఏడుపెందుకు…

సునాబెడ బదిలీ. ఆ… నీ పేరు పంపుతామన్నారా. పెద్ద బడి, క్వార్టర్సు. ఊఁ… ఊఁ… మీ అమ్మకి ఒంట్లో బాగోదు, తెలుసు. నాకంటే సిన్నోడివి, తమ్ముడిలాటోడివి, అదీ తెలుసు.

…

…

సరే. సరేలే, ముక్కు తుడుసుకో. మగాడివి రోడ్డు మీద నిలబడి ఏడిస్తే మేడమ్ సూస్తారు.

…

ఏటి సెయ్యమంటావు నన్ను… కుంతి మీదే ఉంచెయ్యమంటావు.

…

మేడమ్‌కి జీపులో వస్తానే ఒక ముక్క సెప్పి ఉంచేవా. ఏటని… వంటమనిషి గుడ్లు మార్సింది అని. ఊఁ. మరి ఆవిడ నమ్మేరా… నా నోట వింటే గానీ నమ్మను అన్నారా.

అయితే ఫోను ఆవిడకియ్యి. నేనే మాట్లాడతాను.

…

ఎందుకు భయం? నువ్వు సెప్తే ఒకలాగ ఉంటాది, నేను సెప్తే ఒకలాగ. వచ్చేక ఇక్కడ పదిమందీ పది మాటలంటారు. ఆవిడ రాకముందే సెవిన పడితే మంచిదా కాదా, నువ్వే ఆలోచించు.

…

ఆ. అదీ. వెళ్ళి ఇయ్యి. టీ తాగడం అయ్యిందా… ఇయ్యి మరి.

— గోవిందరావు, లోపలికి రా. అందర్నీ పిలు. ఆ సెప్పు పట్టుకున్నావిడని కూడా. కుంతీ, నువ్వు ఇలా వచ్చి నా పక్కన నిలబడు. కళ్ళు తుడుసుకో. రీనా, ఆ గుడ్డు నా బల్ల మీద పెట్టు, అమ్మీ. అందరూ నోరు ముయ్యండి, మేడమ్‌తో మాట్లాడుతున్నాను.

నమస్కారం సుభశ్రీ మేడమ్. సూర్యకాంతమ్మని, బడి ఇన్‌చార్జిని…

తెలుగులో చెప్పొచ్చా. మీరు సునాబెడలో తెలుగువాళ్ళ మధ్య పెరిగారని విన్నాను. మంచిది, ఇక్కడందరికీ కూడా అర్థమవుతుంది.

…

అవును మేడమ్, గుడ్లు మార్చిన మాట నిజం. కుళ్ళిన గుడ్లు భోజనంలోకి వచ్చిన మాట నిజం. పిల్లలు తినలేదు, క్షేమంగా ఉన్నారు. ఎందుకు తినలేదంటే, వంటమనిషి కుంతి చూసి ఆపింది.

…

లేదు మేడమ్. ఆవిడ కాదు.

…

తెలుసు. రుజువు నా బల్ల మీద ఉంది, మీరు వచ్చి చూడండి. మీ చేతికి ఫోను ఇచ్చినవాడు అక్కడే ఉన్నాడా… నాలుగడుగులు వెనక్కి వేశాడా. వెయ్యనివ్వండి, ఎక్కడికీ పోలేడు.

…

చెప్తాను మేడమ్. గట్టిగానే చెప్తాను. ఇక్కడ ఈ ఆడదాన్ని జుట్టు పట్టుకుని ఈడ్చినవాళ్ళందరూ వినాలి.

పసిపిల్లలు ఇంటినించి తెచ్చిన గుడ్లని చంపి, వాటినే పిల్లలకి వండించినవాడు మా రెండో తరగతి మాస్టారు, బాలాదిత్య.