తుఫానుకు ముందు రోజు జెయింట్ వీల్

ఫ్లోరిడాలో కిసిమ్మీ దగ్గర ఒక పార్కు. తుఫాను రేపు సాయంత్రం తీరం తాకుతుందంటున్నారు. జెయింట్ వీల్ కింద ఇద్దరే ఉన్నారు: విల్ఫ్రెడో, అతని రెండో భార్య యాదిరా.

"రెయిన్‌కోటు వేసుకో, జల్లు మొదలైంది."

"మాట మార్చకు విల్. ఫోను ఎందుకు దాచావు?"

"దాచలేదు. తడుస్తుందని జేబులో పెట్టుకున్నా."

"వాన పడకముందే పెట్టుకున్నావు."

"అబ్బా! చుట్టూ చూడు, ఒక్క మనిషి లేడు. మామూలు రోజైతే దీనికి గంటన్నర నిలబడాలి. టూరిస్టులంతా ఉడాయించారు. ఇక్కడికి రావాలంటే తుఫానుకు ముందు రోజే రావాలి. ఈ ఊరివాళ్లందరికీ తెలుసు."

"ఊరివాళ్లకా, నీ మొదటి పెళ్లాం మిగ్దాలియాకా?"

"మళ్లీ ఆవిడేనా!"

"ఆవిణ్ణి ఏటా తీసుకొచ్చావు. మన పెళ్లయి నాలుగేళ్లు, నన్ను ఒక్కసారన్నా తెచ్చావా?"

"ఇప్పుడు తెచ్చానుగా."

"పొద్దున తుఫానుకని కిటికీలకి చెక్కలు కొట్టానా, ప్రతి చెక్క మీదా ఆవిడ రాతే. 'వంటిల్లు'. 'పడగ్గది, ఎడమ'. నా పడగ్గదికి ఆవిడ రాత చూసుకుని మేకులు కొడితే నాకు ఒళ్లు మండదూ?"

"కొలతలు సరిపోతాయని ఉంచాను. కిటికీలు అవే కదా."

"పెళ్లాం మారింది కదా!"

"సరే, సరే. ఇదిగో, కాల్చిన టర్కీ కోడి కాలు. వేడిగా ఉంది, తిను."

"ఇంత గారాబం దేనికి?"

"ఒక మాట చెప్పాలి. పైకెళ్లాక చెప్తా."

"ఇక్కడే చెప్పు."

"పైనుంచి చూస్తే..."

"విల్!"

"తీరం పొడుగునా ఇళ్లు ఖాళీ చేయమన్నారు. కోకో ఊళ్లో కూడా. ఆమెది చక్రాల మీది ట్రైలర్ ఇల్లు, గాలికి ఆగదు."

"ఆమె అంటే? పేరు పెట్టి చెప్పు."

"మిగ్దాలియా. రెండు రోజులే. గాలి తగ్గగానే వెళ్లిపోతుంది."

"మనింటికా?"

"షెల్టర్లన్నీ నిండిపోయాయి యాదిరా."

"నాకు చెప్పకుండానే రమ్మన్నావా?"

"అంటే... రమ్మనలేదు. రావచ్చన్నా."

"తెలుసులే. పొద్దున్నే నాకు ఫోన్ చేసింది."

"ఎవరూ?"

"ఇంకెవరు? 'నీకిష్టమేనా అమ్మాయ్' అని అడిగింది. నువ్వు అడగాల్సిన మాట ఆవిడ అడిగింది. రమ్మన్నా. పక్క కూడా వేసొచ్చా."

"వేశావా! మరి ఇంతసేపూ నన్నెందుకు కాల్చుకుతిన్నావు?"

"నీ నోటివెంట ఎప్పుడొస్తుందో చూద్దామని."

"హమ్మయ్య! నువ్వు ఆవిడంటే కుళ్లుకుంటున్నావనుకున్నా."

"కుళ్లే! కాదన్నానా? ఆ రాత చూస్తే కుళ్లు, ఆ పేరు వింటే కుళ్లు. పార్కుకి తీసుకెళ్తానన్నావు కదా, ఆ గొప్ప కూడా చెప్పుకున్నా ఆవిడతో."

"ఏమంది?"

"ఇలా అంది, 'టర్కీ కాలు కొనిస్తాడు, జెయింట్ వీల్ ఎక్కిస్తాడు, పైకెళ్లాక చెప్తానంటాడు. ఉద్యోగం పోయిందని ఒక ఏడు, కారు గుద్దేశానని ఒక ఏడు.'"

"యాదిరా, ఎక్కొద్దులే, పద వెళ్లిపోదాం..."

"ఆగు. 'చివరి ఏడు నీ సంగతి అక్కడే చెప్పాడు, అమ్మాయ్. సరిగ్గా పైన ఉన్నప్పుడు. దిగడానికి కూడా లేకుండా' అంది."

"అది పాత సంగతి యాదిరా."

"నాలుగేళ్లుగా నన్నిక్కడికి తీసుకురాలేదని ఏడ్చాను విల్. ఇంకెప్పుడూ తీసుకురాకు."