ఇ. బుర్దియా గారి గడ్డం

ఆంజే పట్నంలో, సంగీతం రాసే ఎర్నెస్టీన్ బుర్దియా ఇల్లు. ఆమె కృతులు అచ్చువేసే గల్మిష్ గారు ఇవాళ మొదటిసారి పారిస్ నుంచి భార్యతో వస్తున్నారు.

"దురద పెడుతోందే. గీసేస్తాను."

"ఏవండీ, మీకు దండం పెడతాను. ఆయన వెళ్ళేదాకా ఆ గడ్డం ఉండనివ్వండి."

"అసలు ఉత్తరంలో గడ్డం ఉందని రాయడమెందుకు? మీసం చాలదూ?"

"ఆయన తన గడ్డం గురించి రాశారు. నేనూ రాశాను, మర్యాదకి."

"ఆడదాన్నని మొదట్లోనే చెప్పేస్తే పోయేది."

"నేను 'ఇ. బుర్దియా' అని సంతకం పెట్టానంతే. మగవాడనుకున్నది ఆయన. అనుకున్నారు గనకే అచ్చువేశారు. అంతకుముందు నేను వెళ్ళి అడిగిన ఇంకో అచ్చాయన ఏమన్నాడో గుర్తులేదూ?"

"అల్లికలు చేసుకోమన్నాడు."

"మరి? ఇవాళ మీరే ఇ. బుర్దియా అనుకుని మిమ్మల్ని చూసి వెళ్ళాకే నా కొత్త కృతి అచ్చుకి వెళ్తుంది."

"నేను కొవ్వొత్తులు అమ్ముకునేవాణ్ణి. సంగీతం గురించి అడిగితే?"

"కళ్ళు మూసుకుని, 'మూడో భాగం ఇంకా నన్ను ఏడిపిస్తోంది' అనండి. చాలు."

"కళ్ళు మూస్తే నాకు నిద్రొస్తుంది."

"అదే నా భయం. ఇంకో సంగతి. మా ఆవిడకి గురక అని రాశాను."

"ఎవరావిడ?"

"నేనే."

"నువ్వు గురక పెట్టవే."

"మీరు పెడతారుగా. మగవాడిలా రాసేటప్పుడు తిప్పి రాయాలి కదా."

"ఆయనేమన్నారు?"

"వాళ్ళావిడా అంతేనట. ఆ గురక భరించలేక వంటింట్లోకి పారిపోయి, అక్కడ కూర్చుని నాకు ఉత్తరాలు రాస్తారట. నవ్వకండి. మా అక్క పోయినప్పుడు ఆయన ఉత్తరమే నన్ను మంచం మీంచి లేపింది. ఈ గుమ్మం దాటి వెళ్ళినవాళ్ళెవరూ మళ్ళీ నాకో ముక్క రాయలేదు. ఈయన కూడా మానేస్తే..."

"గంట మోగింది."

"గోక్కోకండి."

భోజనాలయ్యాయి. మగవాళ్ళు తోటలోకి వెళ్ళారు. ఎర్నెస్టీన్, మదాం గల్మిష్ కాఫీ దగ్గర మిగిలారు.

"మీవారు బాగా తిన్నారు మదాం గల్మిష్."

"ఆయనకి బాగా వచ్చిన పని అదొక్కటే. మూడో భాగం గురించి మీవారన్న మాట బాగుంది. నాలుగుసార్లూ బాగుంది."

"కళాకారుడు కదండీ."

"అంత ఏడుపులోనూ పాముచేప మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నారు, పాపం."

"దుఃఖమొస్తే ఆకలెక్కువ ఆయనకి."

"మీకు గురక ఎక్కువటగా?"

"ఆ... భయంకరం. మీక్కూడానట?"

"ఇల్లు కదిలిపోతుంది. తోటలోంచి ఆ చప్పుడేమిటి మదాం?"

"రంపం. పక్కింటి వడ్రంగి."

"ఆదివారంనాడా?"

"మావారు. ఎండకి కునుకు పట్టినట్టుంది. మదాం, నన్ను క్షమించండి. ఆ కృతి ఆయనది కాదు, నాది. ఉత్తరాలూ నావే. అచ్చు వేయకపోయినా సరే. మొస్యూ గల్మిష్‌ని ఉత్తరాలు మాత్రం మానొద్దని చెప్పండి."

"కళ్ళు తుడుచుకుని సరిగ్గా వినండి. తోటలో ఎన్ని గురకలు?"

"రెండు."

"ఆ రెండోది మావారిది. దాన్నే 'మా ఆవిడ గురక' అని వంటింట్లో కూర్చుని నేను మీకు రాసింది."