జ్వరమొచ్చిన రోజు

ఆదివారం పొద్దున్న ఎనిమిది గంటలు. వంటింట్లో ఆయన బల్ల దగ్గర కూర్చున్నాడు, ఆవిడ పొయ్యి దగ్గర నిలబడింది.

"రెండు చెప్పారు. మూడోది?"

"రెండు చాల్లే."

"మూడు చెప్పాలి. రోజూ పొద్దున్నే మూడు మంచి సంగతులు తలుచుకోమని చెప్పింది నర్సమ్మ."

"నీకు చెప్పింది, నిద్ర పట్టడం లేదని నువ్వు వెళ్తే. నాకు కాదు."

"మీకు మాత్రం పడుతోందా? తెల్లార్లూ దొర్లుతూనే ఉన్నారు. చెప్పండి, ఏదో ఒకటి. కుళాయిలో నీళ్ళొస్తున్నాయనండి. కిటికీలోంచి ఎండొస్తోందనండి."

"ఎండొస్తోంది. అయిందా?"

"అలా విసుక్కుంటూ చెబితే చెప్పినట్టు కాదు."

"మరి పళ్ళికిలించి చెప్పనా?"

"సరే, మీ వంతు కూడా నేనే చెబుతాను. మా ఆయనకి రెండు చేతులూ ఉన్నాయి. పది వేళ్ళూ..."

"ఆపు."

"ఉన్నమాటే అన్నాను."

"ఆపమన్నానా. పన్నెండు రోజులుగా ఇదే పాట. చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే చూస్తావు. సీసా మూత తిప్పుతుంటే చూస్తావు. గడ్డం గీసుకుంటుంటే తలుపు దగ్గర నిలబడి మరీ చూస్తావు. నా చేతులతో నాకే పని చేసుకోబుద్ధి కావడం లేదు."

"చూడకుండా ఎలా ఉండమంటారు? మీతో పనిచేసే పొడుగన్నయ్యకి ఆ మిషను మీద నాలుగు వేళ్ళు తెగిపోయాయి. మీరు నిలబడాల్సిన మిషను. మీరు చెయ్యాల్సిన షిఫ్టు."

"తెలుసు."

"తెలిస్తే తెమలండి. తొమ్మిదిన్నరకల్లా వాళ్ళింటికి వస్తామని వదినకి చెప్పాను."

"నన్నడక్కుండా ఎందుకు చెప్పావు?"

"అడిగితే ఎప్పుడు వస్తానన్నారు గనక? పోయిన ఆదివారం తలనొప్పన్నారు. బుధవారం సైకిలు పంక్చరన్నారు. ఇవాళేంటి?"

"ఇవాళ కుళాయి చూడాలి. కారుతోంది."

"కుళాయి కారడం లేదు."

"కారుతోంది, నువ్వు చూసుకోలేదు."

"దాని పక్కనే నిలబడి ఉన్నాను. ఒక్క చుక్క లేదు. ఏవండీ, పదకొండేళ్ళు మీరిద్దరూ ఒకే మిషను మీద అట్టలు కోశారు. పొద్దున మీరు, సాయంత్రం ఆయన. ఒకరు దిగితే ఒకరు ఎక్కడం. అలాంటి మనిషిని చూడ్డానికి..."

"ఆస్పత్రిలో చూశానుగా."

"గుమ్మంలోంచి. నిద్రపోతున్నాడని చెప్పి వచ్చేశారు. ఆయన నిద్రపోవడం లేదు."

"ఎవరన్నారు?"

"ఆయనే అన్నాడు. 'మావాడు తలుపుదాకా వచ్చి వెళ్ళిపోయాడమ్మా, నా కట్టు చూసి జడుసుకున్నాడేమో' అన్నాడు."

"ఎలా ఉన్నాడు?"

"ఎలా ఉంటాడు? వదిన అన్నం కలిపి పెడుతుంటే గోడవైపు తిరిగి తింటున్నాడు. నీళ్ళ సీసా మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఎడంచేత్తో మూత తిప్పుతాడు. సాయం వెళ్తే కసురుకుంటాడు. నిన్న నేనున్నప్పుడే వాళ్ళ చిన్నది దువ్వెన పట్టుకుని వచ్చింది. రోజూ దానికి జడ వేసేది ఆయనేట. మర్చిపోయి వచ్చింది పాపం."

"వేశాడా?"

"రిబ్బను పళ్ళతో పట్టుకుని మొదలుపెట్టాడు. పాయ ఒకటి చేతిలోకి వస్తే ఇంకోటి జారిపోతోంది. ఆ పిల్ల కదలకుండా కూర్చుంది. జడంతా విడిపోయాక చేత్తో తడుముకుని, 'బాగా కుదిరింది నాన్నా' అంది."

"చాలు. చెప్పకు."

"ఇంటికొచ్చి, ఆ మూడు సంగతులూ రాసుకునే నోటుబుక్కు తీశాను. మనింట్లో ఎవరికీ ఏమీ కాలేదని రాద్దామని. సిగ్గేసింది."

"సిగ్గేస్తే మానెయ్."

"మానేస్తే ఊపిరాడదు నాకు. ఈ పన్నెండు రోజులూ దాన్ని పట్టుకునే బతికాను. మీరు మెట్లెక్కే చప్పుడు రాశాను. చెప్పులు విప్పే చప్పుడు రాశాను. అన్నిటికంటే ముందు, మొదటి పేజీలో, మీకొచ్చిన జ్వరం రాశాను. ఆ మంగళవారం మీకు జ్వరం రాకపోయుంటే..."

"ఆ పేజీ చింపెయ్."

"ఎందుకు?"

"చింపెయ్యమన్నాను."

"ఎందుకో చెప్పండి."

"టీ ఇంకాస్త ఉందా?"

"ఉంది. చెప్పి తాగండి."

"అది జ్వరం కాదు."

"మరి?"

"ఏదీ కాదు. ఒంట్లో శుభ్రంగా ఉంది. ఆ మిషనుకి పైన ఇనపమూత ఉంటుంది. మూత కిందకి దిగితే తప్ప కత్తి కదలకూడదు. ముందురోజు, సోమవారం, మూత పైనుండగానే కత్తి దిగింది. అప్పుడే చెయ్యి వెనక్కి తీశాను. ఇంత ఎడం. చిటికెనవేలంత."

"ఎవరికీ చెప్పలేదా?"

"సూపర్‌వైజరుకి చెప్పాను. గురువారానికి సరుకు వెళ్ళాలి, ఇప్పుడు ఆపడం కుదరదు, చూసుకుని చెయ్యి అన్నాడు. మర్నాడు పొద్దున ఒక బూటు వేసుకుని మళ్ళీ విప్పేశాను. జ్వరమని ఫోను చేశాను."

"అన్నయ్యకి చేశారా?"

"ఏంటి?"

"ఫోను. మిషను ఇలా ఉందని అన్నయ్యకి చెప్పారా?"

"సాయంత్రం వాడు ఎక్కేలోపు చెబుదామనుకున్నాను. నా బదులు పొద్దున్నే వాణ్ణి రమ్మంటారని నాకేం తెలుసు?"

"తెలీదా?"

"అలా చూడకు."

"తెలీదా అని అడిగాను."

"తెలుసు. ఆ మిషను మా ఇద్దరికే వచ్చు. నేను రాకపోతే వాడే రావాలి. తెలుసు. ఫోను చేతిలోనే ఉంది, వాడి నంబరు కూడా తీశాను. వాడు నవ్వుతాడనిపించింది. చిటికెనవేలంత దూరానికే జ్వరమొచ్చిందా నీకు అని నవ్వుతాడని. ఫోను పక్కన పెట్టేశాను."

"తాగండి. చల్లారిపోతోంది."

"ఇంకా ఉంది. శుక్రవారం ఆఫీసులో ఒక కాగితం పెట్టారు. మిషను బాగానే ఉంది, పనిచేసే మనిషి అజాగ్రత్త వల్లే జరిగింది అని. అందరూ సంతకాలు పెట్టారు."

"మీరు?"

"అందరితోపాటే."

"పెట్టారా?"

"పెట్టాను. రేపు పదకొండింటికి విచారణ. బయటినుంచి ఆఫీసరెవరో వస్తాడట. మూత సంగతి ముందే తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ సూపర్‌వైజరూ. వాడు చచ్చినా చెప్పడు."

"మీరు చెప్పొచ్చు."

"చెబితే మర్నాటినుంచి నన్ను గేటు దగ్గరే ఆపేస్తారు. అప్పుడు రోజుకి మూడు మంచి సంగతులు ఎక్కణ్ణుంచి తెస్తావు నువ్వు?"

"అది నేను చూసుకుంటాను."

"అన్నీ తేలిగ్గా అనేస్తావు. ఇప్పుడు చెప్పు, ఏ మొహం పెట్టుకుని ఆ ఇంటికి రమ్మంటావు? ఆవిడ కుర్చీ వేస్తుంది. కూర్చో అన్నయ్యా, నీ జ్వరం తగ్గిందా అని అడుగుతుంది. అది తట్టుకోలేను."

"అడగదు."

"నీకేం తెలుసు అడగదని?"

"మంగళవారం పొద్దున మీరు ముసుగుతన్ని పడుకున్నప్పుడు నుదురు ముట్టుకు చూశాను. చల్లగా ఉంది."

"నీకు తెలుసా?"

"జ్వరం కాదని తెలుసు. ఎందుకు వెళ్ళలేదో అప్పుడు తెలీదు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని అడగలేదు."

"తెలిసే రాశావా ఆ పేజీ?"

"తెలిసే రాశాను. రోజూ తలుచుకుంటే నిజమైపోతుందేమోనని. నిన్న ఆ పిల్ల జడ చూశాక ఇంక నావల్ల కాలేదు."

"పోనీలే. విను. జరిగిందేదో జరిగిపోయింది. ఇవాళ నాకు ఒంట్లో బాలేదని వాళ్ళకి ఫోను చెయ్. మనిద్దరికే కదా తెలుసు, మనిద్దరి మధ్యే ఉండిపోతుంది."

"లేదండీ. నిన్న వాళ్ళ గుమ్మం దాటబోతూ వెనక్కి వెళ్ళి, మీకు ఆ రోజు జ్వరం లేదని వదినకి చెప్పేశాను. చిన్నదాన్ని కూర్చోబెట్టి జడ అల్లింది తను. ఆ తర్వాత, 'అయితే మిషనే బాలేదని ఈయన మొత్తుకునేది నిజమని తెలిసినవాడు ఒకడున్నాడన్నమాట, పొద్దున్నే తీసుకురా' అంది."