పచ్చికలో కాలిబాట

ఇంగ్లండులోని సఫోక్‌లో వాన వెలిసిన ఆ పొద్దున, తాను గీయించుకుంటున్న బొమ్మను చూడడానికి దొర చిత్రకారుడి కొట్టంలోకి వచ్చాడు. చిత్రకారుడు చేతిలో కుంచె దించలేదు.

“మబ్బులు బాగానే కుదిరాయోయ్. నా పచ్చిక మధ్యలో ఆ బాటేంటి?”

“చర్చికీ సంతకీ వెళ్లే బాట, దొరగారూ. నడుస్తున్నది ముసలి హెస్టర్.”

“అక్కడ బాట లేదు. నిన్ననే కంచె వేయించా.”

“కంచె నిన్నటిది. బాట మా తాత పుట్టకముందుది.”

“దాని మీద నాలుగు గడ్డిపరకలు గీసెయ్. అరగంట పని.”

“అరగంట కూడా పట్టదు. కానీ గీయను.”

“నేను కొనకపోతే నీ బొమ్మలు ఎవడు కొంటాడు? నీ ఇంట్లో పొయ్యి వెలగదు.”

“వెలక్కపోతే పస్తుంటా. హెస్టర్‌ని మాత్రం మీ కంచె చుట్టూ మూడు మైళ్లు తిప్పను.”

“ఎంత పొగరు! అక్కడ బాటే లేదని రేపు న్యాయాధికారుల ముందు ప్రమాణం చేయబోతున్నా. ఈ బొమ్మ వాళ్ల కంట పడకూడదు. ఇటివ్వు, తగలబెడతా.”

“తీసుకోండి. రంగు ఇంకా ఆరలేదు, చేతులకి అంటుకుంటుంది.”

“ఇంత తేలిగ్గా ఇచ్చేస్తున్నావేం?”

“ఇరవై ఏళ్లుగా ఆ పచ్చికలోనే కూర్చుని మబ్బులు గీస్తున్నా కదా. ప్రతి చిత్తుబొమ్మ వెనకా తేదీ, వేళ, గాలి ఎటు వీచిందో రాసుకోవడం నా అలవాటు. అన్ని మబ్బుల కిందా ఆ బాటే ఉంది, దాని మీద మనుషులున్నారు.”

“అవెక్కడ?”

“హెస్టర్ బుట్టలో పెట్టుకుని పొద్దున్నే న్యాయాధికారుల దగ్గరికి వెళ్లింది. మీ కంచె దాటుకుని, ఆ బాటమ్మటే.”